పాత డాస్ కోసం మాచర్లకు

నరసరావుపేట స్టేషన్ రోడ్డులోని సాంబశివరావు మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్‌కు మాబున్నీసా మొదటిసారి వచ్చింది టైపు నేర్చుకోవడానికి కాదు. మిషన్లకు తొడుగులు తొడగడానికి. ఆమె తండ్రి జాన్ సాహెబ్ దర్జీ. పన్నెండు టైపు మిషన్లకు రెగ్జిన్ తొడుగులు కుట్టి, అవి సరిపోయాయో లేదో చూసి రమ్మని పదహారేళ్ల కూతుర్ని పంపాడు. ఒక్కొక్కటే తొడుగుతూ పోయిన పిల్ల పదకొండో మిషన్ దగ్గర ఆగిపోయింది. అది తెలుగు మిషన్. మీటల మీద అక్షరాలు బళ్లో నేర్చుకున్న వరసలో లేవు, ఎవరో గుప్పిట పట్టి చల్లినట్టున్నాయి. వాటిలో తన పేరు వెతుక్కుంటూ, మాస్టారు వచ్చి వెనక నిలబడిన సంగతి కూడా గమనించలేదు.

“ఏందమ్మాయ్, ఏం పోగొట్టుకున్నావు?”

“న వత్తు కనపడటంలేదండీ.”

మాస్టారు నవ్వాడు. న వత్తు చూపించాడు. మర్నాటినుంచి పొద్దున్నే ఏడింటికి వచ్చి కూర్చోమన్నాడు. ఫీజు మాట ఎత్తలేదు. జాన్ సాహెబ్ మాత్రం ఊరుకోలేక, ఏడాదికోసారి తొడుగులన్నీ విప్పి కొత్తవి కుట్టి పెట్టేవాడు.

అలా వచ్చిన మాబున్నీసా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ లోయరు, హయ్యరు పరీక్షలన్నీ పాసై, అక్కడే పిల్లలకు నేర్పే మేడం అయింది. పొలాల్లో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే సత్తార్‌ను పెళ్లి చేసుకుంది. ఇద్దరు పిల్లల్ని కన్నది. ఏం జరిగినా పొద్దున ఏడింటికి ఇన్‌స్టిట్యూట్ తలుపు తీసేది ఆమే. కళ్లు మీటల మీదకు పోకుండా కొట్టేది. ఎదుటివాళ్లతో మాట్లాడుతూ కూడా తప్పు లేకుండా కొట్టేది. ఆమె వేళ్ల చప్పుడు విని, ఏ మిషన్లో ఏ మీట పట్టేస్తోందో మాస్టారు తన గదిలోంచే చెప్పేవాడు.

మాస్టారికి ఒకటే బలహీనత. కొత్త వస్తువు వచ్చిందంటే ఆయన కాళ్లు నిలిచేవి కావు. ఆ వీధిలో మొదటి టేప్‌రికార్డరు ఆయనది. మొదటి మిక్సీ ఆయన ఇంట్లోదే. అది వచ్చిన రోజున భార్య ధనమ్మ పచ్చడి రోలుకే ఓటేసి మిక్సీలో మజ్జిగ చిలికిందని ఆయనే చెప్పుకొని నవ్వేవాడు. అలాంటి మనిషి 1987లో కంప్యూటరు తెచ్చాడంటే ఎవరూ ఆశ్చర్యపోలేదు. గదికి కర్టెన్ కట్టాడు. చెప్పులు బయట విడవమన్నాడు. జాన్ సాహెబ్ దానికీ తొడుగు కుట్టాడు. నెల తిరిగేసరికి దాన్ని నడపగలిగింది మాత్రం మాబున్నీసా ఒక్కతే. మాస్టారు రెండు వేళ్లతో నాలుగు మాటలు కొట్టి, “నాకెందుకులే, నువ్వున్నావుగా,” అని లేచిపోయేవాడు.

కంప్యూటర్లో తెలుగు రాయడానికి హైదరాబాదులో ఎవరో చేసిన ప్రోగ్రాం ఒకటి తెప్పించారు. టైపు మిషను మీద ఏ అక్షరం ఎక్కడుందో అందులోనూ అక్కడే ఉండటంతో మాబున్నీసా వేళ్లు దాన్ని ఇట్టే పట్టేశాయి. తెర మీద మొదటిసారి తన పేరు కొట్టుకున్నప్పుడు న వత్తు చక్కగా న కిందికి వెళ్లి కూర్చుంది. సత్తార్‌ను పిలిపించి మరీ చూపించింది. అతను చేతుల గ్రీజు లుంగీకి తుడుచుకుని, గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు.

“లోపలికి రావయ్యా,” అంది.

“వద్దే. నా జేబులో అయస్కాంతం ముక్కలున్నయ్. నీ మిషన్‌కు పడదంటగా.”

ఆ తెలుగు కోసమే 1988 చివర్లో రెంటచింతల నుంచి అబ్రహాము వెతుక్కుంటూ వచ్చాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. నలభై ఏళ్లు చర్చిలో ఉపదేశిగా చేశాడు. చంకలో గుడ్డసంచి, సంచిలో ఏడు పొడుగు నోటుబుక్కులు. వాటి నిండా, ఆయన పల్నాడులో ఊరూరా తిరిగినప్పుడు మిరపకోతల్లో, కలుపుతీతల్లో ఆడవాళ్లు ఆ పొలం పాటల బాణీల్లోనే కట్టుకుని పాడుకున్న దేవుడి పాటలు. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. అబ్రహాము విన్నవన్నీ రాసిపెట్టుకున్నాడు. రెండువందల పన్నెండు అయ్యాయి.

“కళ్లకు పొర వస్తంది బిడ్డా,” అన్నాడు. “నా రాత నాకే ఆనడంలా. జూన్లో మా చర్చి పండగ. ఆ రోజుకు పుస్తకం చేతిలో పెడితే చాలు.”

పని ఎలా చెయ్యాలో మాబున్నీసాయే ఆలోచించింది. కంప్యూటర్లో కొట్టి, ప్రింటరుతో స్టెన్సిలు కాగితం మీద అక్షరాలు తొలిపించి, దాన్ని సైక్లోస్టైల్ మిషన్ మీద వేస్తే ఎన్ని కాపీలైనా వస్తాయి. ప్రతి మంగళవారం అబ్రహాము బస్సులో వచ్చేవాడు. ఆమె కొట్టినవి పైకి చదివేది. ఆయన కళ్లు మూసుకుని, చదివిన పంక్తినే మెల్లగా పాడి చూసుకునేవాడు.

“ఆగు బిడ్డా. ఇక్కడ ఒక అక్షరం ఎక్కువైంది. గొంతు తట్టుకుంటంది.”

చూస్తే నిజంగానే ఎక్కడో ఒక ‘ను’ అదనంగా పడి ఉండేది. టైపు పరీక్షల్లో ఎంతమంది ఎగ్జామినర్లను చూసిందో గానీ, కళ్లు మూసుకుని తప్పు పట్టే మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు. మంగళవారం కోసం ఎదురుచూడటం అలవాటైంది. ఇంట్లో అన్నం వండుతూ మిరపకోత బాణీ కూనిరాగం తీస్తుంటే అత్త అమీనా బీ, “ఏ పాటే అది? బాగుంది,” అనేది.

ఏప్రిల్ నాటికి నూట అరవై పాటలు పూర్తయ్యాయి.

ఆ నెలలోనే మాస్టారు విజయవాడ వెళ్లి, కంప్యూటర్లు బాగుచేసే ఒక ఇంజనీరును వెంటబెట్టుకొచ్చాడు. కంప్యూటరుకు ప్రాణం పోసేది డాస్. స్విచ్ వెయ్యగానే ముందు అది లేస్తేనే మిగతా పనులన్నీ లేచేది. ఇప్పటిదాకా వీళ్ల దగ్గరున్నది మూడు పాయింట్ మూడు. ఇప్పుడు నాలుగు వచ్చింది.

“జిల్లాలో మనమే ఫస్టు!” అన్నాడు మాస్టారు.

“ఇప్పుడున్నది బానే పనిచేస్తందిగా మాస్టారూ,” అంది మాబున్నీసా.

“బానే ఉందని కూర్చుంటే ఇంకా గంటం పట్టుకొని తాటాకు మీద రాసేవాళ్లం అమ్మాయ్.”

గంటలో ఇంజనీరు పని ముగించాడు. కొత్త ఫ్లాపీలు దండగెందుకని పాత డాస్ ఉన్న ఫ్లాపీలనే చెరిపేసి, వాటి మీదకు కొత్తది కాపీ చేసిచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. మర్నాడు బోర్డు రాసే పెయింటరు వచ్చి ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద ‘సరికొత్త డాస్ 4’ అని ఎర్రరంగుతో రాసిపోయాడు.

పెయింటరు నిచ్చెన దిగుతున్న సమయానికే లోపల మాబున్నీసా తెలుగు ప్రోగ్రాం పేరు కొట్టి మీట నొక్కింది. తెర మీద ఒక్క ఇంగ్లీషు వాక్యం వచ్చి నిలబడింది. మెమరీ చాలదట. మళ్లీ నొక్కింది. స్విచ్ ఆపి వేసింది. అదే వాక్యం. ఇంగ్లీషు పనులు అన్నీ నడుస్తున్నాయి. తెలుగు మాత్రం లేవడంలేదు.

మాస్టారు విజయవాడకు ట్రంకుకాల్ బుక్ చేశాడు. గంటన్నర తర్వాత లైను దొరికింది. ఇంజనీరు చెప్పిందేమిటంటే, కొత్త డాస్ పెద్దది, మెమరీలో ఎక్కువ చోటు తింటుంది. మీ తెలుగు ప్రోగ్రాముకు మిగిలిన చోటు చాలడంలేదు. మద్రాసు నుంచి మెమరీ పెంచే బోర్డు తెప్పించుకోండి, రెండు నెలలు పడుతుంది. పాత డాస్ నా దగ్గర లేదు, పాతవి మేం ఉంచుకోం.

“అదే నయం,” అన్నాడు మాస్టారు ఫోను పెట్టేసి. “బోర్డు తెప్పిద్దాం. రెండు నెలలెంతలే.”

జూన్ పండుగకు ఉన్నది ఆరు వారాలు. ఆ మాట మాబున్నీసా నోటిదాకా వచ్చింది. బయట బోర్డు వైపు చూసి మురిసిపోతున్న ఆయన ముఖం చూసి మింగేసింది. పద్దెనిమిదేళ్లలో ఆయన మాటకు ఎదురు చెప్పింది లేదు. నేర్పినవాడు ఆయన.

మంగళవారం అబ్రహాము వచ్చాడు. అలవాటు ప్రకారం కుర్చీ లాక్కుని కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మాబున్నీసా జరిగింది చెప్పింది.

ఆయన కళ్లు తెరవలేదు. “అంటే, పాటలు పోయినయ్యా?”

“పోలేదు తాతా. లోపలే ఉన్నయ్. వాటిని చదివేది లేవడంలా.”

“అంతేనా!” అని ముసలాయన ఊపిరి వదిలాడు. “మా చర్చిలో చానాసార్లు చూశాలే. కొత్త ఫాదరు వస్తాడు. గంట కొట్టే టైము మారుస్తాడు, బెంచీలు మారుస్తాడు, పాటలు మారుస్తాడు. జనం నోరు తెరవరు. ఆర్నెల్లకు ఆయనే విసుగుపుట్టి, ‘మీరు ముందు ఎట్టా చేసేవాళ్లో అట్టాగే కానీయండి’ అంటాడు. మరి ఆ పాతది ఇంకెక్కడా లేదా బిడ్డా?”

ఆ ప్రశ్న ఇంతవరకు ఆమెకు తట్టలేదు. కంప్యూటర్లున్న చోట్లు ఆ చుట్టుపక్కల ఎన్నున్నాయని! వేళ్ల మీద లెక్కపెడుతుంటే రత్నకుమారి గుర్తొచ్చింది. తన దగ్గరే టైపు నేర్చుకున్న పిల్ల. మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. కిందటేడు పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చినప్పుడు, తమ ఆఫీసులోనూ కంప్యూటరు వచ్చిందని, మేడం నేర్పిన వేళ్లే పనికొచ్చాయని చెప్పింది.

శుక్రవారానికి మాస్టారిని సెలవడిగింది. “మాచర్లలో కొంచెం పనుందండీ.” ఏం పనని ఆయన అడగలేదు. అడగకపోవడమే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

సత్తార్ పొద్దున్నే బస్టాండుదాకా వచ్చి జాగ్రత్తలు చెప్పాడు. “ఫ్లాపీ పట్టుకొని వచ్చేటప్పుడు నా షాపు ముందునుంచి రాబాకు. అటు బజారు చుట్టి ఇంటికి పో. ఎండ తగలనీయబాకు, వంగిపోద్ది.” ఒక టిఫిన్ బాక్సు, రెండు అట్టముక్కలు, ఒక గోనెసంచి కూడా ఇచ్చాడు.

మే నెల మొదటివారం. పిడుగురాళ్ల దాటేసరికే బస్సు కమ్మీలు ముట్టుకోనీయడంలేదు. గురజాలలో దిగినవాళ్లు దిగితే ఎక్కినవాళ్లు తడిగుడ్డలు నెత్తిన వేసుకుని ఎక్కారు. మాచర్ల చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఫ్యాక్టరీ గేటు దగ్గర పేరు చెప్పి గంట కూర్చుంది. సిమెంటు దుమ్ములోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది రత్నకుమారి.

“మేడం! ఇంత ఎండలో ఏందండీ? కబురంపితే నేనే వచ్చేదాన్నిగా!”

విషయం విని నవ్వేసింది. “మా దగ్గర మూడు పాయింట్ మూడేనండీ. నాలుగు వచ్చిందని కూడా తెలవదు మాకు.” పైఆఫీసరును అడిగి, రెండు ఫ్లాపీల మీద కాపీ చేసి, ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని రెండూ చేతిలో పెట్టింది. మాబున్నీసా వాటిని అట్టముక్కల మధ్య పెట్టి, టిఫిన్ బాక్సులో ఉంచి, బాక్సుకు తడిపిన గోనె చుట్టింది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని తిరుగు బస్సెక్కింది.

రెంటచింతలలో బస్సు ఆగితే అబ్రహాము కిటికీ కిందకు వచ్చి నిలబడ్డాడు. తాటాకులో చుట్టిన ముంజలు అందించాడు. ఆమె శుక్రవారం వెళ్తుందని తెలిసినా ఏ బస్సో తెలియక, మధ్యాహ్నం నుంచి వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ వచ్చి పిలిచాడట.

“దొరికిందా బిడ్డా?”

ఆమె బాక్సు మూత తీసి చూపించింది. ఆయన వంగి, కళ్లు చికిలించి చూశాడు. “ఇంత పల్చనిదా! అప్పడం మాదిరి ఉంది. మూసెయ్, మూసెయ్, ఎండ తగులుద్ది.”

శనివారం పొద్దున పిల్లలింకా రాకముందే ఫ్లాపీ పెట్టి స్విచ్ వేసింది. గర్రుగర్రుమని తిరిగింది. పాత డాస్ లేచింది. తెలుగు ప్రోగ్రాం పేరు కొట్టి మీట నొక్కింది. తెర నల్లబడింది. మళ్లీ వెలిగింది. నూట అరవయ్యో పాట, ఆగిపోయిన పంక్తి దగ్గరే ఉంది. ఎవరూ చూడటంలేదని తెలిసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు నవ్వింది, కాసేపు ఏడ్చింది.

కంప్యూటరు లోపలి నాలుగును ఆమె ముట్టుకోలేదు. పనిచేసేటప్పుడు ఫ్లాపీ పెట్టి మూడుతో లేపేది. మాస్టారు వచ్చే వేళకు ఫ్లాపీ తీసి నాలుగుతో లేపి ఉంచేది. పది రోజులు ఇలాగే సాగింది. పాటలు నూట తొంభై దాటాయి. కానీ మాస్టారు “మద్రాసు బోర్డు ఇంకా రాలేదమ్మాయ్, పాపం ఆ ముసలాయన పని ఆగిపోయిందే,” అని నొచ్చుకుంటుంటే ఆమె నేలలోకి కుంగిపోయేది.

పదకొండో రోజు మంగళవారం. అబ్రహాము కళ్లు మూసుకుని పాడుతున్నాడు, ఆమె కొడుతోంది. కర్టెన్ తొలిగింది. మాస్టారు తెర వైపు చూశాడు. తెర నిండా తెలుగు.

“ఇదేంది? ఎట్టా లేచింది?”

మాబున్నీసా లేచి నిలబడింది. దాచడానికి ఏమీ లేదు. అన్నీ చెప్పింది. మాచర్ల, రత్నకుమారి, పొద్దున్నే ఫ్లాపీ పెట్టడం, ఆయన వచ్చే వేళకు తీసేయడం. ఆయన వింటూనే కుర్చీలో కూలబడ్డాడు.

“నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా అమ్మాయ్?”

“వద్దంటారని భయపడ్డానండీ. మీరు వద్దంటే నేను వెళ్లేదాన్ని కాదు. వెళ్లకపోతే తాత పుస్తకం అయ్యేది కాదు.”

“నేనంత మొండివాణ్ణా?”

అబ్రహాము మెల్లగా, “కొంచెం,” అన్నాడు.

మాస్టారు ముసలాయన వైపు చూశాడు. చూసి, ముందు మీసాల్లోనే నవ్వి, తర్వాత పైకే నవ్వేశాడు. చెమట తుడుచుకుని కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు. “ఆ పాట మళ్లీ మొదట్నుంచి కానీ పెద్దాయనా. నేనూ వింటా.”

మర్నాడే ఫ్లాపీ మొరాయించింది. రోజూ తీసి పెట్టి అరిగిపోయిందో, దుమ్ము పట్టిందో, చదవలేనని తెర మీద రాసింది. మిగిలింది ఒక్కటే ఫ్లాపీ.

“ఇట్టా కాదు,” అన్నాడు మాస్టారు. “నాలుగును పీకేసి లోపలికి మూడే ఎక్కించు.”

“లోపల ఉన్నవన్నీ చెరిగిపోతయ్యండీ. తెలుగు ప్రోగ్రాం, పాటలు అన్నీ ముందు వేరే ఫ్లాపీల మీదకు ఎక్కించుకోవాలి.”

ఆ రోజంతా అదే పని. పదకొండు ఫ్లాపీలు నిండాయి. ఒక్కో ఫ్లాపీ తెరిచి, ఒక్కో పాట మొదటి పంక్తి చదివి, సరిగ్గా ఉందని మాస్టారు కాగితం మీద టిక్కు పెట్టాడు. తర్వాత మాబున్నీసా ఫార్మాట్ ఆజ్ఞ కొట్టింది. హార్డ్ డిస్కులో ఉన్నదంతా పోతుంది, కొనసాగించమంటావా అని తెర అడిగింది. అవునంటే వై, కాదంటే ఎన్.

ఆమె వేలు వై మీదకు వెళ్లి ఆగింది.

“తప్పుకో అమ్మాయ్,” అన్నాడు మాస్టారు. “నేను నొక్కుతా. పోతే నా చేతిమీదుగా పోయిందని తాతకు నేనే చెప్పుకుంటా.” ఆయన చూపుడువేలితో, కాలింగ్‌బెల్ నొక్కినట్టు గట్టిగా నొక్కాడు.

తెర మీద అంకెలు తిరగసాగాయి. ఒకటి, రెండు, పది, నూరు. ఇద్దరూ వాటినే చూస్తూ కూర్చున్నారు. ఆరువందల పద్నాలుగు దగ్గర ఆగింది. ఫ్లాపీ తీసేసి స్విచ్ వేస్తే, కంప్యూటరు తనంతట తానే మూడు పాయింట్ మూడుతో లేచింది. తెలుగు ప్రోగ్రాం, దాని వెనక పాటలు ఒక్కో ఫ్లాపీ నుంచి తిరిగి లోపలికి వెళ్లాయి. రెండువందల ఒకటో పాట దాకా ఒక్క అక్షరం పోలేదు.

“చూశావా,” అన్నాడు మాస్టారు, “ఎంత తొందరగా లేస్తందో పాతది!” ఆయన గొంతులో కొత్త వస్తువు దొరికినంత సంబరం వినిపించి, మాబున్నీసా నవ్వు ఆపుకోలేకపోయింది.

బోర్డు మీద 4 చెరిపెయ్యమని పెయింటరుకు కబురంపితే అతను నీలంరంగు డబ్బాతో వచ్చి, అంకె ఒక్కటీ కప్పేసి వెళ్లాడు. ‘సరికొత్త డాస్’ అనే మాటలు అలాగే ఉండిపోయాయి. చెరిపించడానికి మాస్టారికి మనసొప్పలేదు. మద్రాసు బోర్డు జులైలో వచ్చింది గానీ దాన్ని బిగించే తొందర ఎవరికీ కలగలేదు. మాబున్నీసా మరో మూడేళ్లు ఆ మూడు పాయింట్ మూడుతోనే పనిచేసింది.

పాటల పుస్తకం జూన్ రెండోవారానికి తయారైంది. మూడువందల కాపీలు. స్టెన్సిళ్లు తొలిచింది ప్రింటరు, సైక్లోస్టైల్ పిడి తిప్పింది సత్తార్, కుట్టింది జాన్ సాహెబ్. తొడుగులు కుట్టిన పాత సూదితోనే మధ్యలో మూడు కుట్లు వేసి నూలు బిగించాడు. అబ్రహాము కోసం మాబున్నీసా వేరుగా ఒక్క ప్రతి, బొటనవేలి గోరంత పెద్ద అక్షరాలతో, పేజీకి ఒక్క చరణమే వచ్చేట్టు ప్రింటు తీసింది. అది నాలుగంగుళాల మందం అయింది. ముసలాయన దాన్ని చేతుల్లోకి తీసుకుని, కిటికీ దగ్గరకు వెళ్లి, మొదటి పాట కళ్లు తెరిచి చదువుకున్నాడు. ఆమె ఆయన్ను అలా చూడటం అదే మొదలు.

పండుగకు మాబున్నీసా, సత్తార్, మాస్టారు, ధనమ్మ నలుగురూ రెంటచింతల వెళ్లారు. చర్చి బయట షామియానా కింద ఆడవాళ్ల వరసలో మాబున్నీసా, ధనమ్మ కూర్చున్నారు. చుట్టూ రైతుకూలీల ఇళ్ల ఆడవాళ్లు. చాలామందికి చదువు రాదు. అయినా తలా ఒక పుస్తకం తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. ముందు అబ్రహాము ఎత్తుకున్నాడు, వెనక ఊరంతా అందుకుంది. ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క ముసలి గొంతులో విన్న బాణీ ఇన్ని వందల గొంతుల్లో లేచేసరికి మాబున్నీసా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

నూట పద్దెనిమిదో పాట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. రెండో చరణంలో ‘వాన’ అని ఉండాల్సిన చోట ‘వాస’ అని పడింది. ఎన్నిసార్లు చదివింది! ఆ తప్పు ఎలా తప్పించుకుంది! కూర్చున్నచోట కూర్చోలేక, చేతిసంచిలోంచి పెన్ను తీసి, తన పుస్తకంలో స కొట్టేసి న రాసింది.

పక్కన కూర్చున్న గురవమ్మ అనే ముసలమ్మ అది చూసింది. చదువు రాని మనిషి. ఏం రాస్తున్నావని అడగలేదు. పాట ఆపకుండానే తన పుస్తకం కూడా ఆమె ఒళ్లో పెట్టింది. అది చూసి ఆవల కూర్చున్నామె తనదీ అందించింది. వెనక వరసలోంచి రెండు వచ్చాయి. ధనమ్మ వాటిని అందుకుంటూ, పేజీ తీసి పెడుతూ, “ఏ పేజీ అన్నావు మాబున్నీ?” అంది.

“నలభై మూడు, అత్తయ్యా,” అంటూ మాబున్నీసా ఒక్కో పుస్తకంలోనూ స కొట్టేసి, న రాసి, సిరా ఆరాలని ఉఫ్‌మని ఊదుతోంది.